తెడ్డు పట్టే పిల్లలకు బలం ఎప్పుడు వస్తుంది?

హైదరాబాదు హుస్సేన్ సాగర్ వంటి జలాశయాలలో రోయింగ్ అభ్యసించే పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగేది ఒకటే. "మావాడు తోటివారితో సమంగా తెడ్డు వేయలేకపోతున్నాడు. బలానికి ఏదైనా లేహ్యం ఇవ్వండి." లేహ్యానికి ముందు, బలం ఏ వయస్సులో ఏ క్రమంలో కలుగుతుందో పాఠకులు గ్రహించడం అవసరం.

చరకాచార్యుడు బలాన్ని మూడు విధాలుగా చెప్పాడు. పుట్టుకతో వచ్చేది సహజబలం. వయస్సును, ఋతువును అనుసరించి వచ్చేది కాలజబలం. ఆహారం చేత, వ్యాయామం చేత సంపాదించేది యుక్తికృతబలం. 16 ఏళ్ల వరకు ధాతువులు పరిపక్వం కావనీ, 30 ఏళ్ల వరకు వృద్ధి చెందుతూనే ఉంటాయనీ కూడా ఆయన చెప్పాడు.

ఆధునిక శాస్త్రమూ ఇందుకు అనుకూలంగానే ఉన్నది. ఎత్తు అతివేగంగా పెరిగేది ఆడపిల్లలలో సుమారు 12వ ఏట, మగపిల్లలలో సుమారు 14వ ఏట. ముందుగా ఎముకలు సాగుతాయి. కండబలం వేగంగా పెరగడం మగపిల్లలలో ఆ తరువాత ఆరు నెలల నుండి సంవత్సరానికి గాని కనిపించదు. పొడవుగా సాగి బక్కపలచగా ఉన్న కుర్రవాడు నీరసపడడం ఇందువల్లనే. ఒకే తరగతిలోని ఇద్దరు పిల్లల దేహవయస్సులో రెండు మూడేళ్ల తేడా ఉండడం సామాన్యం. పొడవైన కాళ్లు చేతులు గలవాడు తెడ్డును నీటిలో ఎక్కువ దూరం లాగగలడు కనుక, ముందుగా ఎదిగినవాడే మొదట గెలుస్తాడు. వెనుకబడినవానిని అప్పుడే పనికిరాడని తీసివేయడం అన్యాయం. 2010 ఆసియా క్రీడలలో రోయింగ్ స్వర్ణం సాధించిన బజరంగ్ లాల్ తాఖర్ సైన్యంలో చేరిన తరువాతనే తెడ్డు పట్టాడు.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి 14 ఏళ్ల కుమారుని నా వద్దకు తీసుకొనివచ్చింది. జట్టులో చోటు దక్కలేదని బజారులో కొన్న కండలు పెంచే పొడి తినిపిస్తున్నదట. వానికి గొంతు మారలేదు, నూనూగు మీసమైనా రాలేదు. నడుమునొప్పి మాత్రం వచ్చింది. "అమ్మా, వీడికి కాలం రావలసి ఉన్నది, తొందరపెట్టకు" అన్నాను. పొడి మాన్పించి, ఎముకల వైద్యునికి చూపించమన్నాను. బరువులు ఎత్తడం తగ్గించి, తెడ్డు వేసే తీరును చక్కదిద్దుకొమ్మన్నాను. రెండేళ్లకు వాడు తల్లిని మించి ఎదిగి, జట్టులో కూర్చున్నాడు.

తీరు నేర్చుకోవడం చిన్న విషయం కాదు. యౌవనోదయానికి ముందు అభ్యాసం వల్ల కలిగే బలం ప్రధానంగా నాడుల పొందికవల్ల వస్తుంది; కండ అంతగా పెరగదు. పడవను నడిపే శక్తిలో అధికభాగం కాళ్లది. కాళ్లు నేర్వనివాడు ఆ భారాన్ని నడుము మీద వేస్తాడు.

ఇంటిలో పాటించవలసినవి:

మూడు నెలలకొకసారి గోడమీద ఎత్తు గుర్తించండి. గీత త్వరగా పైకి పోతున్న కాలంలో బరువులు, శ్రమ తగ్గించాలి.

నిత్యవ్యాయామం అర్ధశక్తి మేరకే. నుదుట చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో శ్వాస తీయవలసిరావడం దానికి గుర్తులు.

ఉదయం ఖాళీ కడుపుతో సాధనకు పంపవద్దు. సాధన తరువాత పాలు కలిపిన రాగిజావ, భోజనంలో పెసరపప్పు, నెయ్యి, సాయంత్రం ఒక మినపసున్ని గాని నువ్వుల ఉండ గాని ఇవ్వండి.

వారానికొకసారి గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం. రాత్రి ఎనిమిది గంటలకు తగ్గని నిద్ర.

ఆడపిల్లకు సాధనకాలంలో బహిష్టు ఆగిపోతే అది శ్రమకు తగిన ఆహారం అందడంలేదనడానికి సూచన కావచ్చు. ఎముకలు బలహీనపడతాయి, వెంటనే వైద్యునికి చూపించాలి.

కండలకోసం స్టెరాయిడ్లు వాడితే ఎముకల ఎదుగుదల స్థానాలు ముందే మూసుకొనిపోయి, రావలసిన ఎత్తు కూడా రాకుండా పోతుంది. కాలజబలాన్ని తెచ్చి ఇవ్వగల ఔషధం నా వద్ద లేదు. అది వచ్చేవరకు పిల్లవానిని ఆరోగ్యంగా, ఉత్సాహంగా నిలుపుకోవడమే తల్లిదండ్రులు చేయగల చికిత్స.