జెడ్ కింద ఎర్రగీత

ఏడో తరగతి పిల్ల వ్యాసంలో ‘ఆర్గనైజ్’ అని రాస్తూ ఎస్‌కు బదులు జెడ్ పెడుతుంది. టీచరు దాని కింద ఎర్రగీత గీసి అర మార్కు కోస్తారు. ‘కలర్’లో యు వదిలేస్తే మరో అర మార్కు పోతుంది. ఆ పిల్లే ఇంటికొచ్చి కంప్యూటర్లో యు పెట్టి ‘కలర్’ అని కొడితే, ఈసారి ఎర్రగీత గీసేది కంప్యూటరు. ఏది ఒప్పు అని అడిగితే పెద్దల నోటి నుంచి వచ్చేది ఒకటే మాట: ‘‘అసలు ఇంగ్లిష్ బ్రిటన్‌ది. అమెరికావాళ్లు దాన్ని పాడుచేశారు.’’

వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. భాష పుట్టింది ఇంగ్లండులో కాబట్టి అక్కడి రూపమే మూలమనీ, సముద్రం దాటాక వచ్చిందంతా కల్తీ అనీ అనుకోవడం తేలిక. చరిత్ర మాత్రం అలా నడవలేదు.

అమెరికా అనే దేశం ఏర్పడక ముందు ఇంగ్లండులోనే ‘కలర్’, ‘ఆనర్’ లాంటి మాటలకు రెండేసి స్పెల్లింగులు ఉండేవి. ఫ్రెంచి దారిన వచ్చిన ‘ఓయుఆర్’ ఒకటి, లాటిన్‌ను అనుసరించిన ‘ఓఆర్’ ఒకటి. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటంలో రెండు రూపాలూ కనిపిస్తాయి. అప్పటి అచ్చుకూటాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు అక్షరాలు పేర్చేవారు. ఆ గందరగోళంలో 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు తెచ్చి, చాలా మాటలకు యు ఉన్న రూపాన్ని ఎంచుకున్నారు. బ్రిటన్ ఆ దారిన వెళ్లింది. 1828లో నోవా వెబ్‌స్టర్ దాదాపు 70 వేల మాటలతో అమెరికన్ నిఘంటువు తెచ్చి యు లేని రూపాన్ని ఎంచుకున్నారు. అమెరికా ఆ దారిన వెళ్లింది. ఇంగ్లండులోనే చలామణిలో ఉన్న రెండు రూపాల్లో ఒక్కో దేశం ఒక్కోదాన్ని ఉంచుకుంది. ఇందులో పాడుచేసినవాళ్లు ఎవరు?

పైగా జాన్సన్ రాసినట్టు బ్రిటన్ కూడా ఇప్పుడు రాయడం లేదు. ఆయన నిఘంటువులో ‘గవర్నర్’, ‘ఎర్రర్’, ‘హారర్’ మాటలకూ యు ఉంది, ‘మ్యూజిక్’, ‘పబ్లిక్’ల చివర కె ఉంది. వాటిని తర్వాత బ్రిటన్‌వాళ్లే తీసేశారు. మూలానికి కట్టుబడి ఉండాలని పట్టుబట్టేవాళ్లు ‘మ్యూజిక్’కు కె తగిలించి రాయాలి మరి. వెబ్‌స్టర్ చెప్పిందల్లా అమెరికా తలకెత్తుకుందనుకోవడమూ పొరపాటే. ‘టంగ్’ను టి, యు, ఎన్, జి అనే నాలుగు అక్షరాలతో రాయమని ఆయన సూచిస్తే అమెరికన్లు పట్టించుకోలేదు.

ఇక ఆ పిల్ల అర మార్కు పోగొట్టిన జెడ్ సంగతి. ఈ జెడ్‌ను అమెరికా ముద్రగా చూడటం మరీ అన్యాయం. బ్రిటన్‌కు గర్వకారణమైన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు మొదటి భాగం 1884లో వెలువడినప్పటి నుంచి ‘ఆర్గనైజ్’, ‘రియలైజ్’ లాంటి మాటలను జెడ్‌తోనే ఇస్తోంది. ఆ ప్రత్యయం గ్రీకు నుంచి వచ్చింది, గ్రీకులో అక్కడ ఉన్నది జెడ్ అక్షరమే అన్నది వాళ్ల కారణం. ఎస్‌తో రాయడం ఫ్రెంచి అలవాటు. బ్రిటిష్ పత్రికల్లో ఎక్కువగా పాతుకుపోయింది అదే. ఐక్యరాజ్యసమితి ఆక్స్‌ఫర్డ్ పద్ధతినే పాటిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంగ్లిష్ పేరులో జెడ్ ఉంది, మన ఇస్రో పూర్తి పేరులో ఎస్ ఉంది. రెండూ ఒప్పే. పిల్ల ఈ రెంటినీ జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒకే పేజీలో చదివి ఉండవచ్చు. జెడ్ రాసినందుకు మార్కు కోసే టీచరు, తనకు తెలియకుండానే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు మార్కు కోస్తున్నారు. ‘సర్‌ప్రైజ్’, ‘అడ్వర్టైజ్’ లాంటివి మాత్రం వేరు. వాటిలో ఆ గ్రీకు ప్రత్యయం లేదు కాబట్టి రెండు దేశాల్లోనూ ఎస్‌తోనే రాస్తారు.

స్పెల్లింగు పట్టింపు మార్కులతో పోతుంది. ఉచ్చారణ పట్టింపు పిల్లల నోరే మూయిస్తుంది. ‘కార్’, ‘వాటర్’ అని చివరి ర-కారాన్ని గట్టిగా పలికే తెలుగు విద్యార్థికి ‘ర మింగెయ్, అదే అసలైన ఇంగ్లిష్’ అని నేర్పే శిక్షణ తరగతులు ఇప్పటికీ ఉన్నాయి. 1607లో అమెరికాలోని జేమ్స్‌టౌన్‌కు ఓడెక్కి వెళ్లిన ఇంగ్లండువాళ్లు ర పలుకుతూనే వెళ్లారు. దాన్ని మింగడం లండన్‌లో ఆ తర్వాత ముదిరిన అలవాటు. 1791లో ఉచ్చారణ నిఘంటువు వేసిన జాన్ వాకర్, రాజధానిలో ర బలహీనపడి అచ్చులా వినిపిస్తోందని రాశారు. అంటే ఈ విషయంలో పాత పద్ధతిని నిలబెట్టుకున్నది అమెరికాలో అత్యధికులు, స్కాట్లండు, ఐర్లండు. ‘బాత్’లో దీర్ఘం తీయడమూ దక్షిణ ఇంగ్లండులో తర్వాత వచ్చిన మార్పే. శరదృతువుకు అమెరికన్లు వాడే ‘ఫాల్’ ఒకప్పుడు ఇంగ్లండు మాట. ‘సాకర్’ పుట్టింది ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల నోట. ‘గాటెన్’ను బ్రిటన్ వదిలేస్తే అమెరికా దాచుకుంది.

ఇంతమాత్రాన షేక్‌స్పియర్ అమెరికన్లలా మాట్లాడేవాడని ఎదురు ప్రచారానికి దిగడమూ తగదు. నాలుగు వందల ఏళ్లలో అట్లాంటిక్‌కు రెండు ఒడ్డులా మాట మారింది. ఒక ఒడ్డు ఒకదాన్ని నిలుపుకుంటే మరో ఒడ్డు వేరొకదాన్ని నిలుపుకుంది. బోస్టన్‌వాళ్ల పాత యాసలో ర మింగుతారు, వాళ్లూ అమెరికన్లే.

ఏ ఒక్క ప్రాంతపు పలుకో అసలు భాష కాదన్న సంగతి తెలుగువాళ్లకు ఒకరు విడమరిచి చెప్పాల్సిన అవసరమే ఉండకూడదు. కోస్తాలో రెండు మూడు జిల్లాల పలుకుబడే ‘అసలు తెలుగు’ అనీ, మిగతాది యాస అనీ దశాబ్దాలు నడిపించిన సమాజం ఇది. తెలంగాణ మాటను సినిమాల్లో విలన్లకూ హాస్యగాళ్లకూ అంటగట్టారు. ఆ మాట పడినవాళ్ల నొప్పి ఎంతటిదో కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడంలోనే తెలుస్తుంది. సొంత భాషలో ఆ అన్యాయాన్ని గుర్తించినవాళ్లు, ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి అదే బెత్తం పట్టుకుని పిల్లల ముందు నిలబడటం బాధాకరం.

మిగతా అపోహలకు ఒక్కో మాట చాలు. హెచ్ అక్షరాన్ని ‘ఏచ్’ అనకుండా ‘హేచ్’ అంటే చదువురానివాళ్లని నవ్వుతారు. ఐర్లండులో పెద్ద చదువులు చదివినవాళ్లూ ఎక్కువగా ‘హేచ్’ అనే అంటారు. జెడ్‌ను ‘ఇజడ్’ అనేవాళ్లను వెక్కిరిస్తారు. ఆ అక్షరాన్ని జనం ఎక్కువగా ‘ఇజర్డ్’ అంటారని జాన్సనే తన నిఘంటువులో రాశారు. ‘ప్రీపోన్’ ఇంగ్లిషే కాదంటారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెరిస్తే కనిపిస్తుంది. ‘అల్యూమినియం’లో ఒక ‘ఐ’ని అమెరికన్లు మింగేశారంటారు, 1812లో ‘అల్యూమినమ్’ అని రాసినవారు ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. బీబీసీ పాత వార్తల గొంతే బ్రిటన్ గొంతు అనుకుంటారు. 1970లలో భాషాశాస్త్రవేత్త పీటర్ ట్రడ్గిల్ వేసిన ఉజ్జాయింపు ప్రకారం ఆ పలుకు అక్కడ నూటికి ముగ్గురిదే.

అయితే ఒక ఆరోపణను పూర్తిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. తెలుగువాళ్ల ఇంగ్లిష్ బయటివాళ్లకు అర్థం కాదన్నది అది. చెప్పేవాళ్లు ఎంత చులకనగా చెప్పినా అందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. కాకపోతే జనం వెతికే చోట లోపం లేదు. ‘థింక్’, ‘దిస్’ల ధ్వని రాలేదని బెంగపడతారు. వేర్వేరు మాతృభాషలవాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ తడబడుతున్నారో పరిశీలించిన జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో వేసిన పుస్తకంలో, ఆ ధ్వనిని మార్చి పలికినా అర్థానికి పెద్దగా అడ్డు రాదని తేల్చారు. అడ్డు వచ్చేవి వేరే ఉన్నాయి: అచ్చుల హ్రస్వదీర్ఘాలు, వాక్యంలో ఊనిక ఎక్కడ పడాలన్నది, మాట మొదట్లో వచ్చే ప, ట, క ధ్వనులకు తోడుండే ఊపిరి.

చివరిది తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సింది. తెలుగు ప-కారంలో ఊపిరి ఉండదు. ఇంగ్లిష్‌వాళ్లు ‘పెన్’ అన్నప్పుడు ప తర్వాత ఊపిరి బయటికి తన్నుతుంది. అది లేకుండా పలికితే వాళ్ల చెవికి ‘బెన్’లా తోస్తుంది. పెదవుల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని ‘పెన్’ అంటే కాగితం కదలాలి. ‘స్పిన్’ అన్నప్పుడు కదలనక్కర్లేదు. ఇంట్లో అయిదు నిమిషాల పని ఇది, దీనికి శిక్షణ సంస్థలో వేలు పోయనక్కర్లేదు. తెలుగులో ‘వ’ ఒక్కటే కాబట్టి ‘వెస్ట్’ అన్నప్పుడు పడమరా, బనీనా అన్న తేడా పోతుంది. పడమరకు పెదవులు గుండ్రంగా చుట్టాలి, బనీనుకు కింది పెదవి పైపళ్లకు తగలాలి. మాట మీద ఊనికనూ పట్టించుకోవాలి. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద పడే ఊనిక ‘ఫోటోగ్రాఫర్’లో రెండోదానికి, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడోదానికి జరుగుతుంది. అన్ని అక్షరాలనూ సమానంగా తూకం వేసి పలికే తెలుగు అలవాటుకు ఇది కొత్త. నిఘంటువులో ఊనిక పడే అక్షరానికి ముందు చిన్న నిలువు గుర్తు ఉంటుంది. కొత్త మాట నేర్చుకున్నప్పుడు అర్థంతోపాటు ఆ గుర్తునూ చూడటం అలవాటు చేసుకోవాలి.

రాతలో పాటించాల్సింది ఒక్కటే నియమం: ఒక కాగితంలో ఒకే పద్ధతి. మొదటి పేరాలో యు ఉన్న ‘కలర్’, మూడో పేరాలో యు లేని ‘కలర్’ రాస్తే టీచరు గుర్తుచేయడం న్యాయమే. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోనే రెండు దేశాల స్పెల్లింగులనూ ఒప్పుకుంటున్నప్పుడు, ఏడో తరగతి యూనిట్ టెస్టులో ఒప్పుకోకపోవడానికి కారణం లేదు. కంప్యూటర్లో భాషను ఏ దేశపు ఇంగ్లిష్‌కు పెట్టారో తల్లిదండ్రులు ఒకసారి చూసి, బడిలో నేర్పే పద్ధతికి మార్చిపెడితే ‘కలర్’ కింద గీత పోతుంది. జెడ్‌కు మార్కు పోయిన పిల్ల ఉంటే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘ఆర్గనైజ్’ ఉన్న పేజీ ఫోటో తీసుకుని టీచరును మర్యాదగా కలవవచ్చు.