తులిప్ పూలు మన దగ్గర పూస్తాయా? గడ్డలు కొనే ముందు ఇది చూడండి

మార్చి నెలాఖరు వచ్చిందంటే శ్రీనగర్ తులిప్ తోట ఫొటోలు అందరి ఫోన్లలోకీ వచ్చేస్తాయి. ఆ వెనకే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, జీవామృతం పోసి మన నేలలో ఇవి పండించొచ్చా? పావెకరం వేస్తే ఎట్లుంటది?" అని. ఇంటి దగ్గర నాలుగైదు కుండీల్లో అయితే పూయించుకోవచ్చు. పొలంలో మాత్రం వేయొద్దనే చెబుతున్నాను. ఎందుకో చూద్దాం.

వీడియోలో ఒక గడ్డను నిలువుగా కోసి చూపించాను, గమనించండి. ఉల్లిగడ్డలాగే పొరలు ఉంటాయి. నడిమధ్యలో చిన్న మొగ్గ, రేకులు కేసరాలతో సహా కనిపిస్తుంది. అంటే మనం కొనే మంచి గడ్డలో ఈ ఏడాది పువ్వు ముందే తయారై ఉంది, దానికి కావాల్సిన తిండి కూడా ఆ పొరల్లోనే ఉంది. ఆ మొగ్గ కాడ సాగి పైకి రావాలంటే ముందు దానికి ఒక చలికాలం గడవాలి. 2 నుంచి 9 డిగ్రీల మధ్య, 12 నుంచి 16 వారాల పాటు. ఆ చలి తగలకపోతే ఆకులు వస్తాయి గానీ కాడ పొట్టిగా ఉండిపోతుంది, చాలాసార్లు మొగ్గ ఆకుల మధ్యే ఎండిపోతుంది. ఈ పని జీవామృతం చేయలేదు, ఘనజీవామృతమూ చేయలేదు. తులిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడ మంచు కింద నెలల తరబడి ఉండటానికి అలవాటు పడిన మొక్క ఇది.

"మరి లంబసింగిలో, అరకులో చలి ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది. కానీ అక్కడ కూడా తెల్లవారుజామున వణికిస్తుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. గడ్డకు కావాల్సింది పగలూ రాత్రీ తేడా లేకుండా మూడు నెలల చలి.

అందుకే మనకు రెండే దారులు. ముందే చల్లబరిచి అమ్మే గడ్డలు కొనడం, లేదా మన ఫ్రిజ్‌లో పెట్టడం. అమ్మేవాళ్లను "ఎన్ని వారాలు చల్లబరిచారు?" అని తప్పకుండా అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే వదిలేయండి. ఫ్రిజ్‌లో అయితే సెప్టెంబర్ రెండో వారంలో కాగితం సంచిలో వేసి కూరగాయల అరలో పెట్టాలి, గడ్డ కట్టే పై అరలో కాదు. ఆ మూడు నెలలూ అదే ఫ్రిజ్‌లో ఆపిల్, అరటి లాంటి పండ్లు పెట్టకండి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు గడ్డ లోపలి మొగ్గను చంపేస్తుంది. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పి పెట్టండి, ఉల్లిగడ్డ అనుకుని కూరలో తరిగితే ప్రమాదం. ఇది విషం, కుక్కలకీ పిల్లులకీ కూడా.

డిసెంబర్ చివర్లో నాటుకోవాలి. 8 అంగుళాల కుండీకి ఐదు గడ్డలు చాలు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు, గడ్డ కుళ్లుతుంది. మొన పైకి ఉండాలి. గడ్డకు ఒకవైపు చదునుగా ఉంటుంది, ఆ వైపు కుండీ అంచుకు తిప్పి పెడితే మొదటి పెద్ద ఆకు బయటికి వాలుతుంది, కుండీ నిండుగా కనిపిస్తుంది. పైన రెండు అంగుళాల మట్టి, దాని మీద ఎండుటాకుల ఆచ్ఛాదన. ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టండి. నీళ్ల విషయంలో మనకు తెలిసిన వాఫసే ఇక్కడా సూత్రం, తడి ఉండాలి, నీళ్లు నిలవకూడదు. పేనుబంక వస్తే నీమాస్త్రం సరిపోతుంది. నెలన్నర, రెండు నెలల్లో పూలు చూస్తారు.

అసలు చిక్కు పువ్వు వాడిన తర్వాత మొదలవుతుంది. చల్లటి ప్రాంతాల్లో ఆ ఆకులు ఇంకో ఆరు వారాలు పచ్చగా ఉండి, వచ్చే ఏడాదికి కొత్త గడ్డను ఊరబెడతాయి. మనకు అప్పటికి మార్చి ఎండలు. ఆకు తొందరగా పసుపెక్కి పడిపోతుంది, మట్టిలో చిన్న చిన్న పిల్ల గడ్డలు మిగులుతాయి, వాటికి పూసే శక్తి ఉండదు. ఢిల్లీలో ఫిబ్రవరిలో రోడ్ల పక్కన కనిపించే తులిప్‌లకు కూడా నెదర్లాండ్స్ నుంచి గడ్డలు తెప్పిస్తుంటారు. ప్రతి ఏటా విత్తనం బయట కొనాల్సిన పంట, పైగా మూడు నెలల కరెంటు చలి. మన విత్తనం మన దగ్గరే ఉండాలని ఈ వ్యవసాయంలోకి వచ్చినవాళ్లం, పావెకరం ఎలా వేస్తాం చెప్పండి?

గడ్డ పూలే కావాలంటే నేలసంపెంగ ఉంది, మన మార్కెట్లో లిల్లీ అంటారు. అదీ మెక్సికో నుంచి వచ్చిందే, కానీ వేడి నేల మొక్క. నాటిన మూడు నెలలకు పూత మొదలవుతుంది, రెండు మూడేళ్లు తోట ఉంటుంది, గడ్డలు మన మడిలోనే పిల్లలు పెడతాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రజ్వల్, శృంగార్ ఒంటి రేకు రకాలు, విడిపూలకు బాగుంటాయి. గుత్తులకు, కాడలతో అమ్మడానికి అయితే ముద్ద రకం సువాసిని చూడండి. మొదట పక్క రైతు దగ్గర పది కిలోల గడ్డలు తెచ్చుకుని ఒక మడి వేయండి, రెండో ఏడాదికి విస్తరించడానికి గడ్డలు మీ దగ్గరే ఉంటాయి.