పాత గాజుపలక – క్రొత్త చట్రము

పాత మేడలను కూల్చునపుడు ద్వారములపై నుండిన రంగుల గాజుపలకలు ఒక్కొక్కప్పుడు పగులక చేతికి వచ్చును. అట్టి పెద్ద పలకతో ఏమి చేయవచ్చును? బల్లపై పరచుట పలువురకు తోచును. కాని పాత గాజు దెబ్బకు ఓర్వదు, పగిలినచో కత్తులవంటి పెంకులగును. పైగా వెలుగు వెనుకనుండి వచ్చిననే గదా రంగుల యందము! కిటికీ యెదుట నిలుపు అడ్డుతెరయే దానికి తగినది.

చట్రమునకు బాగుగా ఆరిన టేకు మేలు. వడ్రంగి నేర్పంతయు గాడి తీయుటలో నున్నది. కొయ్య వానకాలమున తేమను పీల్చి ఉబ్బును, వేసవిలో కుంచించుకొనును. ఈ మార్పు పొడవున స్వల్పము, అడ్డముగా అధికము. గాజు తేమను పీల్చదు. బిగువుగా పొదిగినచో కొయ్య ఉబ్బిననాడు పలక చిట్లును. కావున నలువైపుల 2, 3 మిల్లీమీటర్ల సందు విడిచి, అడుగున రెండు రబ్బరు ముక్కలపై పలకను నిలుపవలెను. వెనుక బద్దలను జిగురుతో అతుకక మరమేకులతో బిగించినచో, ముందెన్నడైన పలకను ఊడదీయవచ్చును. సుత్తి మాట తలపెట్టకుడు. అది ఒక్కసారి జారిన చాలును.

4 మిల్లీమీటర్ల మందపు గాజు చదరపు మీటరునకు 10 కిలోగ్రాములు తూగును. దానిని ఇద్దరు ఎత్తవలెను. అడ్డుతెర ఒరిగిపోకుండ పాదములను ముందు వెనుకలకు వెడల్పుగా చాపవలెను.