పంచాయతీ లాప్‌టాప్ బ్యాటరీ: సంరక్షణ విధానము

పూర్వము పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలసినవి పన్నుల రిజిస్టరులు, రసీదు పుస్తకములు. వానిని చెదలు తినకుండ, వానకు తడియకుండ కాపాడిన చాలియుండెడిది. నేడు ఆ లెక్కలలో పెక్కుభాగము లాప్‌టాప్ అను చిన్న యంత్రమునకు చేరినది. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన కేంద్రప్రభుత్వము ఇ-గ్రామస్వరాజ్ పోర్టలును ప్రారంభించినది. పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను అందు నమోదు చేయవలసియున్నది.

గ్రామసభ జరుగుచుండగా కరెంటు పోయినదనుకొందము. బ్యాటరీ మంచిదైనచో సభకు అంతరాయముండదు. అది పది నిమిషములకే ఆగిపోయినచో, వీధిదీపములకు, మంచినీటి పథకమునకు అయిన ఖర్చులను చూపుటకు కార్యదర్శికి వీలుండదు. అడుగుటకు వచ్చిన గ్రామస్థులు సమాధానము పొందకయే ఇండ్లకు పోవుదురు. కావున బ్యాటరీ సంరక్షణ కార్యదర్శి ఒక్కరి పని కాదు. ప్రజాధనముతో కొనిన ఆస్తి గనుక అది పంచాయతీ సభ్యులందరి బాధ్యత.

బ్యాటరీ ఏల క్షీణించును?

నేటి లాప్‌టాపులలో సాధారణముగా లిథియం-అయాన్ జాతి బ్యాటరీ యుండును. ఇట్టి బ్యాటరీలు 1991లో మొదట విక్రయమునకు వచ్చినవి. వీని రూపకల్పనకు కృషి చేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

ఈ బ్యాటరీలో ఒక ప్రక్క గ్రాఫైటు, రెండవ ప్రక్క లోహపు ఆక్సైడు ఉండును. ఛార్జి ఎక్కునపుడు లిథియం అయానులు గ్రాఫైటులోనికి చేరును. యంత్రము పనిచేయునపుడు తిరిగి రెండవ ప్రక్కకు పోవును. ఈ రాకపోకలలో కొంత లిథియము గ్రాఫైటుపై పొరగా పేరుకొని, మరల పనికి రాకుండ పోవును. ఇదియే బ్యాటరీకి వచ్చు వార్ధక్యము. దీనిని పూర్తిగా ఆపుట సాధ్యము కాదు గాని, ఆలస్యము చేయుట మన చేతిలోనున్నది.

నిండు ఛార్జికి సమానమైన విద్యుత్తు ఖర్చయినచో దానిని ఒక ఆవృత్తి యందురు. నేడు సగము, రేపు సగము వాడినను ఒక ఆవృత్తియే యగును. సామాన్యముగా 300 నుండి 500 ఆవృత్తులు, మేలురకములలో 1000 వరకు గడచుసరికి బ్యాటరీ సామర్థ్యము నూటికి 80 వంతులకు దిగును.

వేడిమి, నిండు ఛార్జి

బ్యాటరీకి మొదటి శత్రువు వేడిమి. ఎక్కువకాలము నిండు ఛార్జితో నుండుట రెండవది. ఈ రెండును కలసిన హాని మిక్కుటమగును. సగముకన్న కొంచెము తక్కువ ఛార్జితో, 25 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక సంవత్సరము దాచిన బ్యాటరీ తన సామర్థ్యములో సుమారు నూటికి 96 వంతులు నిలుపుకొనును. నిండు ఛార్జితో 40 డిగ్రీలలో దాచినచో 65 వంతులు మాత్రమే మిగులును. వాడకపోయినను బ్యాటరీ చెడుననుటకు ఇదియే నిదర్శనము. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. ఎండలో నిలిపిన జీపులోపల వేడి అంతకన్న హెచ్చుగా నుండును. విత్తనములను నీడపట్టున దాచు రైతునకు ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు.

బ్యాటరీని పూర్తిగా ఖాళీచేసిన పిమ్మటనే ఛార్జి పెట్టవలెనని కొందరు తలచెదరు. అది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీలకు చెప్పిన మాట. లిథియం-అయాన్ బ్యాటరీని మాటిమాటికి అడుగంట వాడుట దానికి నష్టము.

పాటింపవలసిన పద్ధతులు

1. నిత్యము వాడునపుడు ఛార్జిని నూటికి 20, 80 వంతుల మధ్య ఉంచుట మేలు.

2. రోజంతయు కరెంటుకు తగిలించియే పనిచేయు కార్యాలయములలో, ఛార్జిని 80 వంతులవద్ద ఆపు ఏర్పాటు ఆ యంత్రమున ఉన్నచో దానిని అమర్చుకొనవలెను. గ్రామసభ దినమున ఉదయముననే నిండుగా ఛార్జి చేసికొనవచ్చును. ఒకనాటి నిండు ఛార్జివలన చెప్పుకొనదగిన హాని లేదు.

3. లాప్‌టాపును పరుపుపైన, గుడ్డపైన, కాగితముల కట్టలపైన పెట్టి పనిచేయరాదు. గాలి రంధ్రములు మూసికొనిపోయి లోపల వేడి పెరుగును. బల్లపై ఉంచి, రంధ్రముల వద్ద చేరిన దుమ్మును మెత్తని కుంచెతో తుడువవలెను.

4. ఎండ తగులు కిటికీ వద్ద, రేకుల కప్పు క్రింద, నిలిపిన వాహనములో విడువరాదు.

5. నెలల తరబడి వాడనిచో సగము ఛార్జితో చల్లని పొడిచోట దాచి, రెండు మూడు నెలలకొకమారు చూచి మరల సగమునకు తేవలెను.

6. యంత్రమునకు తగిన ఛార్జరునే వాడవలెను. ఉరుములు మెరుపుల సమయమున ప్లగ్గు తీసివేయవలెను.

ఉబ్బిన బ్యాటరీ ప్రమాదము

మూత సరిగా పడకపోవుట, మీటల పలక పైకి లేచుట, అడుగు భాగము ఉబ్బుట అపాయ సూచనలు. వెంటనే ఛార్జరు తీసి, యంత్రమును ఆపివేయవలెను. ఉబ్బును నొక్కరాదు, గ్రుచ్చరాదు, నిప్పు అంటుకొనవచ్చును. కాగితములకు దూరముగా సిమెంటు నేలపై ఉంచి, తయారీదారుల సేవాకేంద్రమునకు తెలుపవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము వాడినవారు పాత బ్యాటరీని ఇతర చెత్తతో కలపరాదు. సేకరణ లేక పునశ్శుద్ధి చేయు సంస్థకు అప్పగింపవలెను. దానిని చెత్తకుప్పలో వేయుట, కాల్చుట గ్రామమునకే కీడు.

సభ్యుల కర్తవ్యము

విండోస్ యంత్రములలో బ్యాటరీ రిపోర్టు తీయు సౌకర్యము కలదు. కొత్తనాటి సామర్థ్యము, నేటి నిండు సామర్థ్యము అందు ప్రక్కప్రక్కన కనిపించును. ఆరునెలలకొకసారి ఈ రెండంకెలను ఆస్తుల రిజిస్టరున వ్రాయించినచో, కొత్త బ్యాటరీ ఎప్పుడు అవసరమగునో ముందే తెలిసి, బడ్జెటులో తగిన పైకము కేటాయించుకొనవచ్చును. బ్యాటరీ చెడినంతమాత్రమున లాప్‌టాపునే మార్చనక్కరలేదు. తరచుగా బ్యాటరీ ఒక్కటి మార్చిన చాలును. ఇట్లు మిగిలిన ధనము వీధిదీపమునకో, బోరింగు మరమ్మతుకో ఉపయోగపడును. రాబోవు సమావేశముననే సభ్యులు తమ కార్యాలయపు లాప్‌టాపును తెప్పించి, ఈ విషయములను పరిశీలింతురుగాక.