రోబో నేర్పే పాఠం – చివరిదాకా నిలిచే సాయం

పదో తరగతి ఫలితాలు రాగానే రాజమహేంద్రవరంలో ఎన్నో పేద ఇళ్లలో ఒకటే ప్రశ్న: పిల్లవాణ్ణి ఇంకా చదివించాలా, ఏదైనా షాపులో పనికి పెట్టాలా? దాతల సాయానికి అసలైన విలువ ఆ రోజుల్లోనే. ఆ సాయం ఎలా ఉండాలో తెలుసుకోవడానికి, రోబోటిక్స్‌లో పేరుగాంచిన ఒక తెలుగువారి జీవితం చూద్దాం.

డాక్టర్ రాజ్ రెడ్డి 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించారు. ఆ కుటుంబంలో కాలేజీ చదువు చదివిన మొదటి వ్యక్తి ఆయనే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. ఆస్ట్రేలియా వెళ్లి కంప్యూటర్ల వైపు మళ్లారు. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినప్పుడు దానికి తొలి డైరెక్టర్ అయ్యారు. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు దక్కింది.

ఇందులో మొదటి పాఠం: పునాది గట్టిగా ఉంటే దారి మార్చుకోవచ్చు. రోబోకు చూడటానికి కెమెరా, సెన్సర్లు కావాలి. నిర్ణయానికి ప్రోగ్రాం కావాలి. కదలడానికి మోటార్లు కావాలి. వీటన్నిటికీ ఆధారం లెక్కలు, భౌతికశాస్త్రం. అవి బడిలోనే పట్టుబడాలి.

రెండోది: కలిసి పనిచేయడం. 1970లలో మాటలను అర్థం చేసుకునే కంప్యూటర్ కోసం ఆయన బృందం ఒక ఉపాయం చేసింది. ధ్వనులు తెలిసిన ప్రోగ్రాం, పదాలు తెలిసిన ప్రోగ్రాం, వాక్యాలు తెలిసిన ప్రోగ్రాం తమ అంచనాలను ఒకే నల్లబల్ల మీద రాసినట్లు ఒకచోట ఉంచుతాయి. ఒకదాని తప్పును మరొకటి సరిదిద్దుతుంది.

మూడోది: ఓర్పు. 1995లో ఆ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు తయారుచేసిన కారు పిట్స్‌బర్గ్ నుంచి శాన్‌డియేగో దాకా ప్రయాణించింది. దారిలో సుమారు 98 శాతం దూరం స్టీరింగును యంత్రమే తిప్పింది. బ్రేకు, వేగం మాత్రం మనుషులు చూసుకున్నారు. మిగిలిన ఆ కొద్ది శాతం కోసం తర్వాత దశాబ్దాల పరిశోధన అవసరమైంది.

మన గ్రామీణ పిల్లల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ కూడా ఆయనే. పదో తరగతి తర్వాత అక్కడ ఆరేళ్ల చదువు. దాని ప్రాంగణాల్లో ఒకటి మనకు దగ్గర్లోని నూజివీడులో ఉంది.

ఇక దాతల సంగతి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి యంత్రశిల్పి అల్ జజరీ, నీటితో నడిచే గడియారాలు, తమంతట తాము కదిలే బొమ్మలు చేశారు. సుమారు యాభై యంత్రాల తయారీని వివరిస్తూ 1206లో గ్రంథం పూర్తిచేశారు. దాని వెనుక ఆర్తుఖీ పాలకుల కొలువులో పాతికేళ్లకు పైగా సాగిన సేవ, ఆ పాలకుల ఆదరణ ఉన్నాయి.

మొదటి ఏడాది ఫీజు కట్టి వదిలేస్తే, రెండో ఏడాది ఆ పిల్లవాడు మళ్లీ షాపు గుమ్మంలోనే నిలబడతాడు. అందుకే పదిమందికి తలా కొంచెం పంచడం కన్నా, ఒక అమ్మాయికో అబ్బాయికో పాలిటెక్నిక్ మూడేళ్లూ పూర్తయ్యేదాకా తోడుండటం మేలు. ఫీజుతో పాటు బస్సు ఖర్చు, పుస్తకాలు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో లెక్కల ట్యూషన్ కూడా లెక్కలోకి తీసుకోండి. మీలో ఇంజనీర్లు, మెకానిక్కులు ఉంటే నెలకొక ఆదివారం ఇవ్వండి. మోటారు విప్పి చూపించిన ఒక్క పూట, పిల్లలకు ఎన్నాళ్లయినా గుర్తుంటుంది.