డోలు కొట్టినవారి పేరు ఎక్కడ?

2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు ప్రతిమలు అందుకున్నది ఇద్దరే: బాణీ కట్టిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ రాత్రి అదే వేదిక మీద పాడారు గానీ ప్రతిమ వారికి లేదు. ఇదెక్కడి న్యాయం అని చాలామందికి అనిపించింది. ఆ బహుమతి పాటకు, పాడిన గొంతుకు కాదు. చంద్రబోస్‌ది పాత వరంగల్ జిల్లా చల్లగరిగె. ఆయన సొంత జిల్లాలో నలుగురు కుర్రాళ్లు కలిసి ఇండిపెండెంట్ ర్యాప్ ఆల్బమ్ చేయాలనుకుంటే ముందుగా తెలుసుకోవాల్సింది ఈ తేడానే.

హిప్ హాప్‌లో పది మంది కలవడం కొత్త కాదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973లో డీజే కూల్ హెర్క్ పాటలోని వాయిద్యపు ముక్కను రెండు రికార్డుల మీద మార్చి మార్చి సాగదీసినప్పటి నుంచీ అది గుంపు కళే. 1988లో మార్లీ మార్ల్ తన పేరుతో ఆల్బమ్ తెచ్చాడు. బీట్లు తనవి, గొంతులు మాత్రం ఇతర ర్యాపర్లవి. మనకూ ఇది తెలియని పద్ధతేం కాదు. ఒగ్గు కథలో కథకుడు ఓ మాట విసురుతాడు, వంతవాళ్లు అందుకుంటారు, డోళ్లు ఆ మాటను ఇంకో మెట్టు ఎక్కిస్తాయి. జనగామ దగ్గరి మాణిక్యాపురం ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య పేరు అందరికీ తెలుసు. ఆయన వెనుక డోలు కొట్టినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇక ఇండిపెండెంట్ అంటే వెనుక పెద్ద కంపెనీ లేదని. ఖర్చు మనది, హక్కూ మనదే. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన ర్యాపర్ రాజకుమారి పెద్ద లేబుళ్లతో పనిచేశాక 2023లో 'ది బ్రిడ్జ్' ఆల్బమ్‌ను సొంత లేబుల్ మీద విడుదల చేసింది. ఒక్కరి పేరు మీద వచ్చే ఆల్బమ్‌లో లెక్క కొంత తేలిక. పది మందితో చేసేదాంట్లోనే చిక్కు.

హన్మకొండలో ఓ గదిలో ఎనిమిది పాటల ఆల్బమ్ తయారవుతోందనుకుందాం. ఒకరు ల్యాప్‌టాప్ మీద బీట్ చేస్తారు. ఐదుగురు తలా ఓ వర్స్, అంటే చరణం, చెబుతారు. ఒకమ్మాయి హుక్, అంటే పల్లవి, పాడుతుంది. ఐనవోలు నుంచి ఒకాయన డోలు తెస్తాడు. కాజీపేట మీదుగా పోయే రైలు కూత పడకుండా ఇంకొకరు రికార్డింగ్, మిక్సింగ్ చూస్తారు. సినిమా పాటకు సాధారణంగా గేయరచయిత ఒక్కరే. ర్యాప్‌లో ఎవరి వర్స్ వారే రాసుకుంటారు కాబట్టి ఐదుగురు ర్యాపర్లంటే ఐదుగురు కవులు. పేరు పక్కన 'ఫీచరింగ్' అని వేస్తే మర్యాద దక్కుతుంది, వాటా మాత్రం దానంతట అది రాదు.

మన కాపీరైట్ చట్టం దృష్టిలో సాహిత్యం వేరు, సంగీతం వేరు, రికార్డింగ్ వేరు. మూడింటికీ వేర్వేరు యజమానులు ఉండొచ్చు. ఇక్కడే 'ప్రొడ్యూసర్' అన్న మాట కొంపలు ముంచుతుంది. సినిమా అలవాటుతో మనకు ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టే నిర్మాత. హిప్ హాప్‌లో ప్రొడ్యూసరంటే బీట్ చేసినవాడు. చట్టంలో రికార్డింగ్ ప్రొడ్యూసరంటే దాన్ని తయారుచేయడానికి చొరవ తీసుకుని బాధ్యత వహించినవారు. 'ప్రొడ్యూసర్‌కు సగం' అని వాట్సాప్‌లో రాసుకుంటే ముగ్గురూ అది తమకేననుకుంటారు, ముగ్గురి దగ్గరా న్యాయముంటుంది. నా మాట వింటే కాగితం మీద ఆ పదమే వాడొద్దు. బీట్ చేసినవారు, డబ్బు పెట్టినవారు, రికార్డింగ్ హక్కుదారు అని విడివిడిగా రాయండి.

ఆ కాగితాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. పాటకొకటి. ఎవరు ఏం చేశారు, ఎవరికి ఎంత శాతం, కింద సంతకాలు. అంతే. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా ఉండాల్సిందే. గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. 2012 సవరణ తర్వాత, రచయిత గానీ స్వరకర్త గానీ తన రాయల్టీని వదులుకుంటానని సంతకం పెట్టినా అది చెల్లదు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం 1969లో మొదలైన ఐపీఆర్ఎస్.

డబ్బు ఎంతొస్తుందన్న ప్రశ్నకు జవాబు చిన్నది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను గత పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. అంచేత మొదట్లో కొట్లాట డబ్బు మీద కాదు, పేరు మీద వస్తుంది.

జానపదం వాడుకుంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఎవరు కట్టారో తెలియని పాత పాట అందరిదీ. కానీ ఎవరో పాడగా రికార్డు చేసిన క్యాసెట్ అందరిదీ కాదు. 2021లో 'సారంగ దరియా' సినిమా పాట వచ్చినప్పుడు, దాన్ని సేకరించి ముందే పాడింది తానని ఓ జానపద గాయని ముందుకొచ్చింది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల గుర్తింపు, పారితోషికం ఇస్తామన్నారు. ఆ మాట పాట విడుదలకు ముందే ఇచ్చి ఉంటే రచ్చే లేదు.

మళ్లీ ఐనవోలు నుంచి డోలు తెచ్చినాయన దగ్గరికి వద్దాం. ఆయనకు ఆ పూట కూలి ఇచ్చి పంపేస్తే హక్కు గురించి అడగకపోవచ్చు. కానీ పాటను ఆన్‌లైన్‌కు ఎక్కించే ఫారంలో వాయిద్యకారుల పేర్లకు ఓ గడి ఉంటుంది. అది నింపడానికి ఆయన పూర్తి పేరు కావాలి. ఆయన బస్సెక్కకముందే అడిగి రాసుకోండి.