కత్తెరయు కవిత్వమును

కొయ్యను తొలుచు పురుగు ఒకానొకప్పుడు తన దారిలో అక్షరాకృతిని కల్పించును. దీనినే మన పూర్వులు ఘుణాక్షరన్యాయమనిరి. పురుగునకు లిపిజ్ఞానము లేదు, చదువుకొనువాడు మనుష్యుడు. ఈ యాదృచ్ఛికమునే పనిముట్టుగా గైకొని, పరుల గ్రంథములను ఛేదించి నూతన కావ్యములను నిర్మింప బూనినవారు గత శతాబ్దమున పాశ్చాత్యదేశములందు కొందఱు బయలుదేరిరి. వారిని ఉన్మత్తులని త్రోసివేయుట సులభము. మేమట్లు చేయజాలము, ఏలయన వారి కత్తెర మొదట పడినది వార్తాపత్రికపైననే.

రుమేనియాలో జన్మించిన ట్రిస్టన్ త్సారా, 1916లో జూరిచ్ నగరమున డాడా ఉద్యమమును లేవనెత్తిన వారిలో నొకడు. 1920లో అతడు కవితారచనకు విధానమొకటి ప్రకటించెను. పత్రికను దెచ్చి, కావలసినంత నిడివిగల వ్యాసమును కత్తిరించి, అందలి మాటలను విడివిడిగా కోసి సంచిలో వేసి, మెల్లగా కుదిపి, చేతికి వచ్చిన క్రమముననే వ్రాసికొనవలయునట. అదియే పద్యము! ఇంత సులభోపాయము మన యవధానులకు తట్టకపోవుట వింతయే. హాస్యమటుండనిండు. 1914 మొదలు 1918 వఱకు ఐరోపా పత్రికలు గౌరవము, నాగరకత, ధర్మము అను పెద్దమాటలను చక్కని వ్యాకరణముతో కూర్చి, లక్షలకొలది యువకులను కందకములకు పంపుటకు తోడ్పడినవి. వాక్యమునకు అన్వయము కుదిరినంత మాత్రమున సత్యము కుదిరినట్లు కాదని డాడావాదులు కన్నులార జూచిరి. కావున నా సంచిలో కలగాపులగమైనది పదముల క్రమము మాత్రమే కాదు; వానిపై ప్రజలుంచిన విశ్వాసము గూడ. సంపాదకీయములు వ్రాసి బ్రదుకు మాకు ఈ పరిహాసము చుఱుక్కున తగులకపోదు.

1959లో పారిస్ నందు చిత్రకారుడు బ్రయన్ గైసిన్ అట్టలు కోయుచుండగా, క్రింద పఱచిన పత్రికలును తెగి, ముక్కలు ప్రక్కప్రక్కల జేరి క్రొత్తవాక్యములు గనుపట్టినవి. అతని మిత్రుడు, అమెరికను నవలాకారుడు విలియం బరోస్, దీనినొక పద్ధతిగా పెంపొందించెను. ఆ నవలలను పెక్కుపుటలు వరుసగా చదువుట కష్టమని మా యభిప్రాయము. యాదృచ్ఛికము చమత్కారమును పుట్టింపగలదు గాని, ఎచట నాగవలయునో దానికి తెలియదు.

అది తెలిసినవాడు ఆంగ్ల చిత్రకారుడు టామ్ ఫిలిప్స్. మూడు పెన్నీలకు దొరకు మొదటి పుస్తకమునే గ్రహింతునని నియమము పెట్టుకొని, 1966లో లండనునందు, మలాక్ అను రచయిత 1892లో ప్రకటించిన నవలను కొనెను. పుటపుటను రంగులతో కప్పి, అచ్చటచ్చట కొన్ని పదములను మాత్రము విడిచి, వానినే కావ్యముగా కూర్చెను. పేరు గూడ కాగితము మడతపడుటచే లభించినదే: 'ఎ హ్యూమన్ డాక్యుమెంట్' కాస్తయు 'ఎ హ్యూమ్యుమెంట్' అయ్యెను. కథానాయకుని పేరు 'టుగెదర్' అను మాటలోని ముక్క. ఆ మాట గాని 'ఆల్టుగెదర్' గాని లేని పుటలో పాపమాతనికి ప్రవేశము లేదు. పుస్తకమును చేతికిచ్చినది యాదృచ్ఛికము. ఏ మాటను నిలుపవలయును, దేనిని మఱుగుపఱుపవలయును అను నిర్ణయము ఫిలిప్స్ కంటిది. అదే గ్రంథమును మరల మరల చిత్రించుచు ఏబదియేండ్లు గడపి, 2016లో తుదికూర్పును వెలువరించెను; 2022లో మరణించెను.

మలాక్ 1923లోనే గతించెను. తన పుటలపై రంగు పూయుటకు ఆయన సమ్మతించి యుండెడివాడో లేదో అడుగుటకు వీలులేదు. ఆ నవల పేరు నేడెఱిగినవారిలో పెక్కుమంది మాత్రము దానిని ఫిలిప్స్ వలననే వినియుందురు.